అత్తయ్యగారు, అడకత్తెర, మోగే గుమ్మం

మా అత్తయ్యగారు అమెరికా వెళ్లనని మొండికేసిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

విషయం మొదటినుంచీ చెప్తాను. మా ఆడపడుచు న్యూజెర్సీలో ఉంటుంది. పెళ్లయిన ఏడేళ్లకి నెల తప్పింది. ఆగస్టులో పురుడు. వీసా వచ్చింది, టికెట్టు కొన్నాం. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి నేరుగా అమెరికా. మామయ్యగారికి ఊడ్పుల రోజులు, చేను వదిలి రాలేరు. మావారికి సెలవు దొరకలేదు. నాకు పిల్లల బడి. కాబట్టి అత్తయ్యగారు ఒక్కరే వెళ్లాలి. ఆవిడేమీ భయస్తురాలు కాదు. అరవై దాటినా, మోకాలి ఆపరేషన్ అయినా, అవనిగడ్డలో బస్సెక్కి ఓ చేత్తో నేతి సీసా, ఇంకో చేత్తో మునక్కాడల కట్ట పట్టుకుని బందరులో మా గుమ్మం ముందు దిగే మనిషి. అలాంటిది ప్రయాణం మూడు వారాలుందనగా, "నేను వెళ్లను రా అబ్బాయ్, దాన్నే ఇక్కడికి రమ్మను" అన్నారు. తొమ్మిదో నెల పడబోతున్న పిల్లని ఎలా రమ్మంటాం?

మావారు విమానమంటే భయమనుకున్నారు. విమాన ప్రయాణం ఎంత క్షేమమో చెప్పే వీడియోలు వరసపెట్టి చూపించారు. ఆవిడ అన్నీ చూసి, "విమానం కూలితే అందరితోపాటే నేనూనూ. దానికి భయమెందుకు? ఆ లోపలికి పంపే ముందు చేస్తారే, ఆ సోదా... అది నావల్ల కాదు" అన్నారు.

ఇదీ అసలు సంగతి. మనలో చాలామంది పెద్దవాళ్లకి భయం ఆకాశంలో లేదు, నేలమీదే ఉంది. లోహం చూసే గుమ్మం, సంచి మింగి బయటికి పంపే పెట్టె, చేతిలో యంత్రం పట్టుకున్న యూనిఫాం మనిషి. ఈ మూడూ దాటితే చాలు, ఆ తర్వాత ఇరవై గంటలైనా కూర్చుంటారు.

ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆరా తీస్తే సగం మేమే పెట్టాం. ఊళ్లో వాళ్లెవరో "తాళి తీయమంటారట" అన్నారు. ఇంకెవరో "మోకాల్లో ఇనుముంటే గదిలోకి తీసుకుపోయి బట్టలు విప్పిస్తారట" అన్నారు. దానికి తోడు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రోజుకొక హెచ్చరిక. ఆవకాయ తెస్తే పారేస్తారు, ఫలానాది తెస్తే పట్టుకుంటారు, అక్కడ నోరు జారితే ఇంతే సంగతులు. మా ఆడపడుచు ఫోన్ చేసి, "అమ్మా, అక్కడ నువ్వేమీ మాట్లాడకు, నీకు తెలీదు" అని మూడుసార్లు చెప్పింది. ప్రేమతోనే చెప్పింది. కానీ వినే మనిషికి అందులో ఏం వినిపిస్తుంది? 'నువ్వు తప్పు చేసేదానివి, నోరు మూసుకో' అనే కదా!

మిగతా సగం మేం పెట్టింది కాదు. అది ఆ రాత్రి తెలిసింది.

ఇద్దరం వసారాలో కూర్చుని గోంగూర ఒలుస్తున్నాం. అత్తయ్యగారి పుట్టిల్లు కోడూరు వైపు, సముద్రానికి దగ్గర ఊరు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన దివిసీమని ముంచేసినప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్లు. ఇల్లు పోయింది, గొడ్లు పోయాయి, వాళ్లమ్మ పోయింది. అక్కాచెల్లెళ్లిద్దరినీ గుడివాడలో దూరపు చుట్టాల ఇంటికి చేర్చారు. అంతవరకూ నాకు తెలుసు. ఆ తర్వాత రెండేళ్లకి ఆ ఇంట్లో పెళ్లి జరిగిందని, పెళ్లికూతురి గొలుసొకటి కనిపించలేదని నాకు తెలీదు.

"ఇంటి నిండా ఆడవాళ్లే అమ్మాయ్. ఎవర్నీ ఏమీ అన్లేదు. మా ఇద్దర్నే వెనక గదిలోకి పిలిచారు. పరికిణీ మడతలు కూడా విప్పి చూశారు. తెల్లారాక ఆ గొలుసు పెళ్లికూతురి పెట్టెలోనే చీర మడతలో దొరికింది. దొరికిందని చెప్పారంతే. ఇంకేమీ అన్లేదు."

ఆవిడ గోంగూర కాడలు పక్కకి నెట్టి లేచి వెళ్లిపోయారు. నలభై ఏళ్లు దాటిన సంగతి. మామయ్యగారికి కూడా చెప్పలేదట.

ఇప్పుడు అర్థమైంది నాకు. మనకి 'సెక్యూరిటీ చెక్' అనే మాట బస్టాండులో టికెట్టు చూపించడం లాంటిది. ఆవిడకి ఆ మాట 'సోదా'. సోదా అంటే అనుమానం. అనుమానం అంటే దొంగ. మోకాలు మోగగానే నలుగురిలో తనని పక్కకి పిలుస్తారు, అందరూ చూస్తారు. ఆవిడ భయం యంత్రం గురించి కాదు, పరువు గురించి. అలాంటి భయానికి "ఏం కాదులే అమ్మా" అన్న మాట మందు కాదు. నా అభిప్రాయం ఏమిటంటే, ఎవరైనా భయపడుతున్నప్పుడు ధైర్యం చెప్పడం కన్నా వివరం చెప్పడం మేలు. ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో, ఎవరు చేస్తారో, తను ఏం అడగొచ్చో ముందే తెలిస్తే సగం భయం ఇంట్లోనే పోతుంది. ఆ పని విమానాశ్రయం వాళ్లది కాదు, మనది.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ ఒక్కటే అడిగాను. "అత్తయ్యగారూ, తిరుపతి వెళ్లినప్పుడు అలిపిరి దగ్గర మిమ్మల్ని చూశారా లేదా?"

"చూశారు. సంచులు పెట్టెలోంచి పంపారు. ఆడపిల్ల ఒళ్లు తడిమింది."

"అప్పుడు బాధనిపించిందా?"

"ఎందుకు బాధ? అందర్నీ చూశారుగా. కొండమీద దేవుడు చల్లగా ఉండాలిగా" అన్నారు. అని, కాఫీ గ్లాసు చేతిలోనే ఉంచుకుని కాసేపు మాట్లాడలేదు.

నాకు కావలసింది అదే. అందర్నీ చూడటం వేరు, ఇద్దర్నే చూడటం వేరు. విమానాశ్రయంలో జరిగేది మొదటిది. నా ముందు డాక్టరు, నా వెనక కలెక్టరు ఉన్నా ఆ గుమ్మంలోంచే రావాలి. రాష్ట్రపతి, ప్రధానమంత్రి లాంటి కొద్దిమంది పెద్ద పదవుల వాళ్లకి మన దేశంలో మినహాయింపు ఉంది. మిగతా వాళ్లకి లేదు. ఆ మినహాయింపు జాబితాలో ఉన్న అబ్దుల్ కలాం గారినే 2009లో ఢిల్లీలో ఒక అమెరికా విమాన సంస్థ సిబ్బంది అందరిలాగే తనిఖీ చేశారు. పెద్ద గొడవయింది, ఆ సంస్థ క్షమాపణ కూడా చెప్పింది. కానీ ఆయన మాత్రం అక్కడ గొడవ పడకుండా తనిఖీ చేయించుకుని విమానమెక్కారు.

చీర సంగతి కూడా చెప్పాను. 2010 డిసెంబరులో అమెరికాలో మన దేశ రాయబారిగా ఉన్న మీరా శంకర్ గారిని మిసిసిపి రాష్ట్రంలోని జాక్సన్ విమానాశ్రయంలో పక్కకి పిలిచి చేతులతో తడిమి చూశారు. ఆవిడ చీరలో ఉన్నారు. మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ఈ సంగతి భయపెట్టడానికి చెప్పలేదు. మడతలున్న వదులు బట్టలు వేసుకున్నవాళ్లని అలా చూడటం అక్కడి పద్ధతి, రాయబారికే తప్పలేదు. అంటే పిలిచినంత మాత్రాన మన మొహం మీద దొంగ అని రాసినట్టు కాదు.

"అసలు ఇదంతా ఎందుకు పెట్టారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. మనం పెద్దవాళ్లకి 'ఎందుకు' చెప్పం, 'అలా చెయ్యి' అనే చెప్తాం. నాకు తెలిసినంత చెప్పాను. విమానాల్ని దారి మళ్లించి ఎత్తుకుపోయే రోజులు ఎక్కువయ్యాక అమెరికాలో 1973 జనవరి నుంచి ప్రయాణికులందర్నీ తనిఖీ చేయడం మొదలుపెట్టారు. మన వాళ్లకి 1985 జూన్ 23 మరిచిపోలేని రోజు. కెనడా నుంచి వస్తున్న ఎయిరిండియా కనిష్క విమానంలో సామానుతోపాటు ఎక్కించిన బాంబు పేలి 329 మంది పోయారు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావలసిన విమానాన్ని కాందహార్ తీసుకుపోయారు. ఆ తర్వాత 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి పెద్ద విమానాశ్రయాల కాపలా కేంద్రం వారి సిఐఎస్ఎఫ్ దళానికి అప్పగిస్తూ వచ్చారు. ఢిల్లీలో, శంషాబాదులో మనం చూసేది వాళ్లనే. అత్తయ్యగారు అంతా విని, "అయితే నన్ను కాపాడ్డానికే నన్ను చూస్తారన్నమాట" అన్నారు. నేనైతే అంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

ఇక వివరం. ఇది మీకూ పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

బయటి తలుపు దగ్గర టికెట్టు, గుర్తింపు కార్డు చూస్తారు. విదేశాలకైతే పాస్‌పోర్టు. తర్వాత విమాన సంస్థ కౌంటరులో పెద్ద పెట్టెలు ఇచ్చేస్తాం. ఆ తర్వాతే సెక్యూరిటీ. ఇక్కడ చేతిసంచి, ఫోను, పవర్ బ్యాంకు, ఛార్జర్లు ట్రేలో పెట్టి బెల్టు మీద వదలాలి. ఎక్స్‌రే ఉండేది ఆ సంచి వెళ్లే పెట్టెలోనే. మనం నడిచే గుమ్మంలో ఎక్స్‌రే ఉండదు. అయస్కాంత క్షేత్రంతో లోహాన్ని పసిగడుతుంది, అంతే. ఇనుమే కాదు, బంగారమూ లోహమే కాబట్టి నాలుగు గాజులకీ, నానుతాడుకీ కూడా మోగొచ్చు. మోగడం నేరం కాదు. మన దేశంలో ఆడవాళ్లని ఆడవాళ్లే చూస్తారు, అదీ తెర కట్టిన చోట. చిన్న మెట్టు మీద నిలబెట్టి, చేతులు చాపమని, చేతి యంత్రం ఒంటిమీదుగా తిప్పుతారు. మామూలుగా మంగళసూత్రాలు తీయమనరు. అవి మోగితే అక్కడ ఏముందో చూసుకుంటారు. మొత్తం ఒకటి రెండు నిమిషాల పని.

మోకాలి చిప్ప మార్పించుకున్నవాళ్లు గుమ్మం మోగాక చెప్పడం కాదు, మోగక ముందే చెప్పాలి. ఇది చాలా ముఖ్యం. ముందే చెప్పిన మనిషికి గొంతులో బెరుకుండదు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇచ్చిన కాగితం చేతిసంచిలో పెట్టుకోవాలి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కూడా ముందే చెప్పి, యంత్రంతో కాకుండా చేత్తో చూడమని అడగొచ్చు. రోజూ వేసుకునే మందులు, ఇన్సులిన్ పెద్ద పెట్టెలో వేయకూడదు. చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి.

అమెరికా విమానాలకి ఎక్కే ముందు గేటు దగ్గర ఇంకోసారి చూడొచ్చు. తిరుగు ప్రయాణంలో అక్కడ గాజు గదిలాంటి యంత్రంలో చేతులెత్తి నిలబడమంటారు. దాని గురించే మా ఊళ్లో 'బట్టల్లోంచి కనిపిస్తుందట' అనే పుకారు. ఒకప్పుడు ఒళ్లు కనిపించే రకం యంత్రాలు అక్కడ ఉండేవి. గోల పుట్టి 2013లో తీసేశారు. ఇప్పటి యంత్రం ఎక్స్‌రే కాదు. తెర మీద కనిపించేది మన రూపం కాదు, అందరికీ ఒకటే బొమ్మ. అనుమానమున్న చోట ఆ బొమ్మ మీద ఒక గుర్తు పడుతుంది. చేత్తో చూడాల్సి వస్తే ఆడమనిషే చూడాలి. విడిగా గదిలో చూడమని అడిగే హక్కు మనకుంది, తోడు వచ్చినవాళ్లని పక్కనే ఉండనిమ్మనీ అడగొచ్చు. చెప్పులు విప్పమనడం 2025 జూలై నుంచి చాలావరకు మానేశారు.

సామాను దగ్గర అసలు పోట్లాట. అత్తయ్యగారి చేతిసంచి ఖాళీ చేసి చూస్తే ఏమున్నాయో తెలుసా? వక్కలు కత్తిరించే అడకత్తెర, పూజకని కర్పూరం, అగ్గిపెట్టె, చిన్న కత్తెర, కొంగుకి కట్టుకునే తాళాల గుత్తి. "అడకత్తెర మా అమ్మది కాదు గానీ మా అత్తగారిది, వదలను" అన్నారు. వదలక్కర్లేదు. అడకత్తెర, కత్తెర పెద్ద పెట్టెలో వేశాం. కర్పూరం, అగ్గిపెట్టె రెండిట్లోనూ పనికిరావు, ఇంట్లోనే. ఎండు కొబ్బరి కూడా పెద్ద పెట్టెలో వేయనివ్వరు, అందులో ఉండే నూనెకి వేడెక్కి అంటుకునే గుణం ఉందట. పవర్ బ్యాంకు మాత్రం పెద్ద పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే. విదేశీ ప్రయాణంలో 100 మిల్లీలీటర్లు దాటిన సీసాలో ద్రవాలేవీ చేతిసంచిలో ఒప్పుకోరు. ఆవకాయ, నెయ్యి, బందరు హల్వా అన్నీ గట్టిగా కట్టి కిందకే. కారం, కందిపొడి, పసుపు లాంటి పొడులు కూడా అమెరికా వెళ్లేటప్పుడు 350 మిల్లీలీటర్ల కొలత దాటితే చేతిసంచిలో తంటా, కిందే వేయడం మేలు. తొక్కుడు లడ్డూలు మాత్రం నాలుగు చేతిసంచిలో వేశాను, దారిలో తినడానికి. చాలామంది బంగారం గురించి సెక్యూరిటీ వాళ్లకి భయపడతారు. వాళ్లు చూసేది ప్రమాదకరమైన వస్తువు ఉందా లేదా అనే. బంగారం లెక్క కస్టమ్స్ వాళ్లది, అది వేరే శాఖ. ఒంటిమీద ఎక్కువ నగలతో వెళ్లేవాళ్లు బయల్దేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర రాయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు చిక్కుండదు. అంతకన్నా మంచి ఉపాయం, తక్కువ పెట్టుకుని వెళ్లడం.

ఇదంతా చెప్పాక కూడా చెప్పడం వేరు, చెయ్యడం వేరనిపించింది. ఆ ఆదివారం దివిసీమలో మా అత్తగారింట్లోనే విమానాశ్రయం పెట్టేశాం. పడమటింటి గుమ్మం మోగే గుమ్మం. మా చిన్నాడు గుమ్మం పక్కన నిలబడి 'కుయ్' మని అరిచే యంత్రం. మా అమ్మాయి చేతిలో గరిటె, అదే చేతి యంత్రం. బల్ల మీద అన్నం పళ్లెం, అదే ట్రే. మామయ్యగారు వాలుకుర్చీలో కూర్చుని పాస్‌పోర్టు చూసే ఆఫీసరు. అత్తయ్యగారు మొదటిసారి నవ్వాపుకోలేక గుమ్మంలోనే కూర్చుండిపోయారు. రెండోసారి సంచి వదిలేసి నడిచారు. మూడోసారి మా చిన్నాడు 'కుయ్' మనక ముందే, "ఘుట్నా ఆపరేషన్" అని మోకాలు చూపించి, చేతులు చాపి నిలబడ్డారు.

మాటలు మూడే నేర్పాను. హిందీలో 'ఘుట్నా ఆపరేషన్'. ఇంగ్లీషులో 'నీ ఆపరేషన్, మెటల్'. ఎక్కడైనా కంగారు పెడితే 'ప్లీజ్, స్లోగా'. అవే మాటలు ఒక అట్టముక్క మీద హిందీలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి పాస్‌పోర్టుకి జత చేశాను. ఒక్క జాగ్రత్త చెప్పాను, నవ్వులాటకైనా అక్కడ బాంబు అన్న మాట ఎత్తకూడదని. "నేనెందుకు ఎత్తుతానే" అని కసిరారు.

ఇక్కడ నా గట్టి అభిప్రాయం ఒకటుంది, మీలో కొందరికి నచ్చకపోవచ్చు. మనవాళ్లు పెద్దవాళ్లని ఒంటరిగా పంపేటప్పుడు అవసరమున్నా లేకపోయినా చక్రాల కుర్చీ రాయించేస్తారు. నడవలేనివాళ్లకి అది హక్కు, తప్పకుండా తీసుకోవాలి. మోకాళ్లు పట్టేసేవాళ్లకీ అంతే. కానీ చకచకా నడిచే మనిషిని భాష రాదనీ, భయమనీ కుర్చీలో కూర్చోబెడితే, నువ్వు చేతకానిదానివని మనమే ముద్ర వేసినట్టు. పైగా నిజంగా కాళ్లు లేవనివాళ్లు కుర్చీ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు. తోడు మాత్రమే కావాలంటే, దారి చూపించి సాయం చేసే ఏర్పాటు చాలా విమాన సంస్థల్లో ఉంటుంది, టికెట్టు కొన్నప్పుడే అడగండి. మేం అడిగాం, ఇచ్చారు. అత్తయ్యగారు తన కాళ్లమీదే నడిచారు.

అలాగని అక్కడ అందరూ తేనెలో ముంచినట్టు మాట్లాడతారని నేను చెప్పను. ఒకసారి ఒక ఊరి విమానాశ్రయంలో ట్రేలో ఫోను పెట్టడం మరిచిపోయానని ఒకామె నామీద గట్టిగా అరిచింది. ముఖం మాడిపోయింది నాకు. అది కూడా దాచకుండా అత్తయ్యగారికి చెప్పాను. ఎవరైనా అరిస్తే అది వాళ్ల పొద్దుటి నుంచీ నిలబడ్డ కాళ్ల నొప్పి, మన తప్పు కాదు అనుకోమన్నాను. అంతా మంచే జరుగుతుందని చెప్పి పంపితే, ఒక్క విసురు మాటకే మనిషి కూలబడిపోతుంది.

ప్రయాణం రోజు మామయ్యగారు, మేమూ చల్లపల్లి, పామర్రు దాటి గుడివాడ మీదుగా గన్నవరం వెళ్లాం. గుడివాడ దాటుతున్నంతసేపూ ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేనేమీ అడగలేదు. మమ్మల్ని లోపలికి రానివ్వరు కదా, అద్దాల బయటే నిలబడ్డాం. ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయారు. ఆ అరగంటా మావారు ఫోను చూసిన చూపు చూడకుండా చూశారు.

ఫోను మోగింది.

"అమ్మాయ్, మోగింది" అన్నారు అత్తయ్యగారు. నా గుండె జారింది.

"మోగితే?"

"నేనే ముందు చెప్పా, ఘుట్నా ఆపరేషన్ అని. ఆ పిల్ల నవ్వి, తెలుగులోనే చెప్పండమ్మా, మాదీ ఇక్కడే అంది. తెర లోపలికి తీసుకెళ్లి చూసింది. మెట్టు దిగుతుంటే చెయ్యి పట్టుకుంది. అయ్యాక, థాంక్యూ అమ్మా, జాగ్రత్తగా వెళ్లిరండి అంది."

కాసేపు ఆగారు. వెనక ఏదో ప్రకటన వినిపిస్తోంది.

"ఆ పెళ్లింట్లో ఎవరైనా ఒక్క మాట అలా అని ఉంటే, ఇన్నేళ్లు మొయ్యక పోదును కదే" అన్నారు.

నేను మాట్లాడలేకపోయాను. మావారు "ఏమైంది, ఏమైంది" అంటున్నారు. ఏమీ కాలేదని చెప్పాను.

ఢిల్లీలో రెండోసారి, గేటు దగ్గర మూడోసారి చూశారట. మూడోసారికి ఆవిడ ముందున్న పంజాబీ పెద్దావిడకి ట్రే ఎలా పెట్టాలో సైగలతో చూపించారట. ఆగస్టు రెండోవారంలో మనవరాలు పుట్టింది. ఫోటోలో అత్తయ్యగారి ఒళ్లో గుప్పెడంత మనిషి. అడకత్తెర కూడా క్షేమంగా చేరింది.

ఆర్నెల్లకి తిరిగొచ్చారు. ఇప్పుడు అవనిగడ్డ చుట్టుపక్కల ఎవరి తల్లి అమెరికా వెళ్తున్నా, ఆస్ట్రేలియా వెళ్తున్నా ముందు మా అత్తగారింటికి వస్తారు. పడమటింటి గుమ్మం మళ్లీ మోగుతుంది. గరిటె ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంటుంది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ప్రయాణానికి సిద్ధమవుతూనే ఉంటారు. అమ్మో, అత్తయ్యో, పిన్నో. పచ్చళ్లు కట్టడం, పెట్టెలు తూచడం ఎలాగూ చేస్తాం. ఒక్క మధ్యాహ్నం వాళ్లతో కూర్చుని, "నీకు దేనికి భయం?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే గోంగూర కట్టలు ఇంకో రెండు తెచ్చుకోండి. వస్తుంది.